తొమ్మిదో చిలుక

12 ఫిబ్రవరి 2026
ఇంటి నుంచి

శిరీషకు,

నీ వదిన గంగామణి రాస్తున్నది. ఇవి నా మాటలు కావు. మీ అన్న వేణు మంచం మీద కూర్చొని చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఆదివారం హాస్టల్‌కు వచ్చి నీ ఫోన్ ఎందుకు గుంజుకుపోయాడో నీకు చెప్పలేదట. ఇప్పుడు చెప్పమంటున్నాడు.

పోయిన ఎండాకాలం మీ కాలేజీలో తీసిన సినిమా బోధన్‌లో ఆడుతున్నది. అందులో మీ కాలేజీ గేటు కనిపిస్తుందని ఎవరో అంటే, శనివారం మ్యాట్నీకి అందరం పోయాం. మామ పండక్కి తీసే కండువా తీశారు. అత్త దారిలో కలిసిన వాళ్లందరికీ "మా బిడ్డ కాలేజిని సూడనీకి పోతున్నం" అని చెప్పింది. పెళ్లయ్యాక నేను హాలుకు పోవడం అదే మొదటిసారి.

గేటు కనిపించింది. ఆ తర్వాత కనిపించింది నేను రాయలేను, అయినా రాయమంటున్నాడు. ఆ సినిమాలో ఆడపిల్లల కాలేజీ అంటే ఒక్క పిల్లా పుస్తకం తెరవదు. పొట్టి నిక్కర్లు వేసుకొని మిద్దె మీద చిందులు వేస్తారు. హీరో గోడ దూకి వస్తే ఇరవై మంది కలిసి మంచం కింద దాస్తారు. క్యాంటీన్‌లో బల్ల మీద ఒకతె మందు సీసా పెడుతుంది. ఆ పక్కనే ఒక పిల్ల వీపు. నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంటున్నది. ఆ చున్నీ లేత గులాబీ రంగుది. అంచుకు తొమ్మిది చిలుకలు. ఎనిమిది ఆకుపచ్చవి, తొమ్మిదోది పసుపు రంగుది. ఆకుపచ్చ దారం అయిపోతే నేను అలా కుట్టి నీకు ఇచ్చాను.

హాల్లోనే గుర్తుపట్టారు. వెనుక వరుస నుంచి ఎవరో, "ఆత్మారామన్నా, నీ బిడ్డ గీ కాలేజిలనే గదా! మస్తు సదువు సదువుతున్నరు పోరిలు" అన్నారు. ఈలలు వేశారు. మామ సినిమా సగంలోనే లేచి బయటికి నడిచారు. అప్పటి నుంచి ఆయన ఊర్లోకి పోవడం లేదు.

మీ అన్న మాట ఇది. ఉగాదికి ముందు రోజు ట్రాలీ ఆటో తీసుకొని వస్తాడు. పెట్టె సర్దుకొని ఉండు. ఆఖరు సెమిస్టర్ పరీక్షలు అక్కర్లేదు. భీమ్‌గల్ సంబంధం వాళ్లకు మళ్లీ కబురు పెడుతున్నారు.

కూరగాయల విమలమ్మ రోజూ నిజామాబాద్ మార్కెట్‌కు వస్తుంది. ఉత్తరం ఆమె గంపలో పంపుతున్నాను. జవాబు ఉంటే ఆమెకే ఇవ్వు.

చెప్పింది రాశాను.
గంగామణి


15 ఫిబ్రవరి
హాస్టల్, నిజామాబాద్

వదినా,

నా మాటలు కావని మొదట్లోనే రాసి చేతులు కడుక్కున్నావు. కానీ అక్షరాలు నీవే. ఒక్కటి కూడా వణకలేదు.

ఆ సినిమా వాళ్లు మా దగ్గర రెండు రోజులు ఉన్నారు. ప్రాక్టికల్స్ కోసం ఆగిన పిల్లలను పిలిచి క్యాంటీన్‌లో వీపులు చూపిస్తూ కూర్చోమన్నారు. సీసా లేదు, హీరో లేడు. ఒక మేక లోపలికి వచ్చి వాళ్ల కాగితాలు నమలడం మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి దాని వెంట పరుగెత్తి పంచె తొక్కుకొని పడ్డాడు. పిల్లలు నవ్వారు. ఆ నవ్వును కోసుకుపోయి సీసా పక్కన అతికించారు. మేకను చూసి నవ్వినందుకు నా చదువు ఆగిపోవాలా?

అసలు కాలేజీ ఎలా ఉంటుందో అన్నకు చదివి వినిపించు. ఒక గదిలో పద్నాలుగు మందిమి ఉంటాం, మంచాలు ఆరు. తెల్లవారుజామున నాలుగున్నరకు నల్లా వస్తుంది, ఆరుకు పోతుంది. రాత్రే బకెట్ల మీద పేర్లు రాసి వరుసలో పెడతాం. వరుస తప్పించిన వాళ్లతో ఆ వారమంతా మాట్లాడం. మా కాలేజీలో జరిగే పెద్ద కొట్లాట అదే. గోడ దూకేవాడు ముందు మురికి కాలువ దాటాలి, తర్వాత ముళ్లకంప, తర్వాత వార్డెనమ్మ. అంత కష్టపడి వచ్చినవాడికి మేం పెట్టేది నీళ్ల పప్పు. మంచం కింద దాయడానికి చోటు లేదు, అక్కడ మా పెట్టెలు ఉన్నాయి.

చున్నీ నాదే. వీపు నాది కాదు. ఆ రోజు నీళ్ల వంతు నాది. రెండు బకెట్లతో గుమ్మంలో నిలబడి మేకను చూశాను.

ఇంకో మాట. నన్ను గుర్తుపట్టింది ఎవరు? అన్నకు చున్నీకీ చీరకూ తేడా తెలియదు. బాపుకు దూరం కనిపించదు. అవ్వ సినిమాకు పోతే సగం నిద్రపోతుంది. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చింది?

శిరీష


18 ఫిబ్రవరి
ఇంటి నుంచి

శిరీషా,

ఇది నా ఉత్తరమే. మీ అన్న కళ్లం దగ్గర ఉన్నాడు.

నీ ఉత్తరం సగమే చదివి వినిపించాను. మేక దగ్గర మీ అన్న ముఖం కొంచెం కదిలింది. "చున్నీ నాదే" అన్న మాట చదవలేదు. చదివితే అప్పుడే బండి తీసేవాడు. కాగితం అడిగితే పొయ్యిలో పడిందని చెప్పాను. నీ కోసం నేను అబద్ధం ఆడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఎవరు గుర్తుపడితే నీకెందుకు? కళ్లున్న వాళ్లు గుర్తుపట్టారు.

వీపు నీది కాదంటే ఎవరిదో చెప్పు. ఒక్క పేరు చెప్పు, మీ అన్న నమ్ముతాడు. చెప్పవు. చెప్పకపోతే నీదే అనుకుంటారు. నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. నీ చున్నీ వేరేవాళ్ల మెడలోకి ఎలా పోయింది? మన ఇంట్లో దండెం మీద కూడా ఎవరి బట్ట వాళ్లదే. అత్త తువ్వాలు నేను ముట్టుకోను, నా చీర అత్త ముట్టుకోదు. ఇరవై రెండు రోజులు కుట్టాను దాన్ని. బర్రెలకు గడ్డి వేసి, అంట్లు తోమి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కొని సూది పట్టేదాన్ని. నువ్వు డిగ్రీలో చేరుతున్నావని కుట్టాను. దారిన పోయేవాళ్ల మెడలో వేస్తావని కాదు.

దసరాకు వచ్చినప్పుడు తిన్న కంచం కూడా తీయలేదు నువ్వు. పుస్తకం పట్టుకొని కూర్చున్నావు. నేను తీశాను. చదువుకునే పిల్ల కదా అనుకున్నాను. ఇప్పుడు ఊరంతా నన్ను అడుగుతున్నది, మీ ఆడబిడ్డ ఏం చదువుతున్నదని.

పసుపు ఉడుకుతున్నది. పొగకు కళ్లు మండుతున్నాయి. ఇంతే.

గంగామణి


22 ఫిబ్రవరి
హాస్టల్

వదినా,

కంచం మాట నిజం. దానికి నన్ను తిట్టు, పడతాను. చున్నీ గురించి మాత్రం నీకు తెలియదు, చెబుతాను.

మా గదిలో అందరివీ కలిపి మంచి బట్టలు ఐదారు ఉంటాయి. ఇస్త్రీ పెట్టె ఒకటే. ఎవరికి వైవా ఉంటే వాళ్లు ముందు రోజు అడిగి నీ చున్నీ తీసుకుంటారు. సెమినార్ చెప్పాలన్నా అదే, బ్యాంకు పరీక్షకు పోవాలన్నా అదే. ధర్పల్లి లత పెళ్లిచూపులకు రెండుసార్లు వేసుకుపోయింది. రెండుసార్లూ వాళ్లు వద్దన్నారు, తప్పు చున్నీది కాదని లతే చెప్పింది. ఆఖరు చిలుకను చేతిలో పట్టుకొని జవాబులు చెబితే మరిచిపోమని పిల్లల నమ్మకం. హాస్టల్లో దాని పేరు "వదిన చున్నీ". నిన్ను చూడని పిల్లలు కూడా "వదిన చున్నీ రేపు ఎవరిది?" అని అడుగుతారు. ఇంట్లో ఎవరి దండెం వాళ్లది. ఇక్కడ అలా కుదరదు.

ఇప్పుడు నీ ఒక్కదానికే చెబుతున్నాను. ఆ రోజు దాన్ని వేసుకున్నది ఇఫ్రా. మన బోధన్ పిల్లే. పొద్దున ఆమెకు వైవా ఉండింది. వాళ్ల అబ్బా యాసిన్ చాచా సామాన్ల ఆటో నడుపుతాడు. బిడ్డను కాలేజీకి పంపినందుకు అన్నదమ్ములు ఆయనతో రెండేళ్లు మాట్లాడలేదు. గేటు లోపలికి వచ్చాకే ఇఫ్రా బుర్ఖా తీసి కొక్కేనికి తగిలిస్తుంది. సినిమాలో తల మీద ఏమీ లేకుండా సీసా పక్కన నవ్విందని తెలిస్తే, ఆయన ఆ చుట్టాల ముందు తల ఎత్తలేడు. మన బాపుకు ఏం జరిగిందో ఆయనకూ అదే జరుగుతుంది. ఇప్పుడు ఆమెకు రంజాన్ రోజాలు. తెల్లవారక ముందు సహర్ తిండికి లేచి మా అందరి బకెట్లూ తనే వరుసలో పెడుతున్నది. నన్ను చూసి ఏడుస్తున్నది. "నేనే మీ అన్నకు చెప్త, శిరీషా" అంటున్నది. నేను వద్దన్నాను.

నువ్వు ఆ చున్నీ కుట్టినదానివి. అందుకే నీకు చెప్పాను. పేరు బయటికి రాకుండా అన్నను ఆపగలవా?

కళ్లకు చల్లటి నీళ్లు కొట్టుకో.

శిరీష


24 ఫిబ్రవరి

గంగామణికి,

వదినా అని రాయడానికి చేయి రావడం లేదు.

విమలమ్మ ఈ రోజు వంకాయలు తూస్తూ మొత్తం చెప్పింది. ఆమె కూడా ఆ మ్యాట్నీకే వచ్చిందట. "నీ వదినె నోట్లె నాలికె లేదనుకున్నం గని బిడ్డా, లేసి నిలవడి హాలంత ఇనవడేటట్టు ఒర్రింది. గా చిల్కలను సూపిచ్చింది గామెనే" అన్నది. నేను వినలేదనుకొని పక్క గంప ఆమెకు కూడా చెప్పి నవ్వింది.

కళ్లున్న వాళ్లు గుర్తుపట్టారని రాశావు. ఆ కళ్లు నీవే. నేను అడిగాను కదా, ఎవరి నోట వచ్చిందని. సమాధానం దాచి, కంచం గురించి రాశావు. పేరు చెప్పు, పేరు చెప్పు అని అడిగావు. నేను పిచ్చిదాన్ని, చెప్పాను. ఇఫ్రాను తీసుకొచ్చి నీ చేతిలో పెట్టాను.

ఎందుకు అరిచావో నాకు తెలుసు. నువ్వు ఏడో తరగతిలో ఆగిపోయావు. ఇంట్లో ఇంకొకతె డిగ్రీ దాటితే నీకు కంచాలు తీయడం ఇంకా బరువవుతుంది. ఆ సినిమాలోనైనా కాలేజీ లోపలికి పోయావు, సంతోషమా?

ఇఫ్రా పేరు ఎవరికైనా చెబితే నేను ఆ ఇంట్లో అడుగుపెట్టను.

శిరీష


1 మార్చి
ఇంటి నుంచి

శిరీషకు,

అరిచింది నేనే.

బళ్లో హాజరు పిలిచినప్పుడు నాకు గొంతు వచ్చేది కాదు. రాలేదని రాసుకునేవారు. పెళ్లయి నాలుగేళ్లు, మామ ముందు నేను గట్టిగా మాట్లాడిన మాట ఒక్కటి లేదు. ఆ రోజు హాల్లో చీకటిగా ఉంది. గోడంత తెర మీద నా చిలుక కనిపించింది. ఏనుగంత ఉంది. దారం పోగులు కూడా కనిపించాయి. దారం చాలక ముక్కు దగ్గర నేను వేసిన ముడి కూడా కనిపించింది. నేను లేచి నిలబడి, "గది నేను కుట్టిన చిల్క! సూడుండ్రి, గా పసుపుది, నేనే కుట్టిన!" అన్నాను. సీసాను నేను చూడలేదు. నవ్వే పిల్లను కూడా చూడలేదు. చిలుకను చూశాను. మీ అన్న నా చేయి గుంజి కూర్చోబెట్టాక చుట్టూ ఏం జరుగుతున్నదో తెలిసింది. అప్పటికి మామ లేచి పోతున్నారు.

నువ్వు అడిగినప్పుడు చెప్పలేకపోయాను. సిగ్గుతో చెప్పలేదు. భయంతో కూడా చెప్పలేదు. నీకు ఏది తోస్తే అది అనుకో.

ఇది చదివి నన్ను క్షమించమని అడగడం లేదు. నువ్వు రాసింది నేను మరిచిపోను. ఏడో తరగతి అని రాశావు. నేను ఆగలేదు, మా బాపు ఆపాడు. ఇప్పుడు మీ అన్న నిన్ను ఆపుతున్నట్టే. ఇంత చదివిన నీకు ఆ రెండూ ఒకటేనని తెలియలేదా? ఆ కాగితం పెట్టెలో దాచాను. ఎప్పుడైనా నీ మీద జాలి వస్తే తీసి చదువుకుంటాను.

ఇఫ్రా పేరు నా నోట రాదు. అది నీ కోసం కాదు. ఆ పిల్ల తెల్లవారక ముందే లేచి అందరి బకెట్లు పెడుతుందని రాశావు. అలాంటి పని ఎవరు చేస్తారో నాకు తెలుసు.

చున్నీని ఇంటికి పంపకు. నువ్వు ఉత్తరాలు రాయకు. విమలమ్మకు కాగితం అక్కర్లేదు, గంప తూకంలోనే అన్నీ చెప్పేస్తుంది.

గంగామణి


17 మార్చి
ఇంటి నుంచి

శిరీషకు,

ఎల్లుండి ఉగాది. రేపు ట్రాలీ ఆటో రాదు. పరీక్షలు రాసుకో. ఏం జరిగిందో నీకు తెలియాలి. ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

పసుపు కళ్లంలో ఎండేసినన్ని రోజులు కావలి నాది. పగలంతా అక్కడ ఎవరూ రారు. విమలమ్మతో గులాబీ రంగు గుడ్డ తెప్పించుకున్నాను, మా చెల్లె కోసమని చెప్పాను. ఆకుపచ్చ దారం ఈసారి ఎక్కువే తెప్పించాను. పదమూడు రోజుల్లో తొమ్మిది చిలుకలు కుట్టాను. ఏడో చిలుకకు నా చేతి పసుపు అంటింది. విప్పేసి మళ్లీ కుట్టాను. కొత్తగా కనిపించకూడదని కుంకుడు రసంలో ఆరుసార్లు పిండి ఎర్రటి ఎండలో వేశాను. మూడేళ్ల దానిలా అయింది.

నిన్న పండగకు ఇల్లు దులుపుతుంటే, నీ పాత పుస్తకాల అర మీద నుంచి అది కిందపడింది. నేనే పడేశాను. అత్త అక్కడే ఉంది.

"గిదేందే?"

"శిరీష చున్నీ, అత్తా. దసరాకు అచ్చినప్పుడు మర్సిపోయినట్టుంది."

అత్త దాన్ని పట్టుకొని బయటికి పరుగెత్తింది. మామ మంచం మీద పరిచి, వేలు పెట్టి ఒక్కొక్క చిలుకనూ లెక్కపెట్టారు. రెండుసార్లు లెక్కపెట్టారు. మీ అన్న ఫోన్ తీశాడు. ఆ సినిమా ముక్క అందులో ఉంది, నెల రోజులుగా రోజూ చూస్తున్నాడు. తెర ఆపి పక్కన పెట్టాడు. అక్కడ తొమ్మిదోది పసుపు రంగుది. ఇక్కడ తొమ్మిదీ ఆకుపచ్చవి.

"మరి హాల్ల నీదేనని ఒర్రితివి గదనే?" అన్నాడు.

"నాదే అనుకున్న. కాదు. నేను పసుపు దారం ఏనాడు పెట్టలే."

"నువ్వు కుట్టింది నీకే ఎర్కలేదా?"

అత్త అందుకుంది. "సదువు లేని కండ్లు గిట్లనే సూస్తయ్. బజార్ల దొరికే చున్నీని సూసి, నా బిడ్డ బత్కు బండకేసి కొట్టింది" అన్నది. ఇంకా చాలా అన్నది. సాయంత్రం దాకా అన్నది, పక్కింటి అంజవ్వను పిలిచి ఆమె ముందు మళ్లీ మొదలుపెట్టింది. మీ అన్న ఇక నన్ను హాలుకు తీసుకుపోనని ఒట్టు పెట్టుకున్నాడు. మామ ఏమీ అనరేమో అనుకున్నాను. చున్నీ మడత పెట్టి నా చేతికి ఇస్తూ, "నా బిడ్డను నల్గుట్ల నవ్విచ్చినవు గదమ్మా" అన్నారు. నాలుగేళ్లలో ఆయన నాతో కోపంగా మాట్లాడింది అదొక్కటే.

ఆ తర్వాత కండువా వేసుకొని ఊర్లోకి పోయారు. వచ్చి, "పరీచ్చలు రాయనియ్యి" అన్నారు మీ అన్నతో. భీమ్‌గల్ వాళ్ల సంగతి పరీక్షలయ్యాక చూస్తారట. దాన్ని ఆపడం నా వల్ల కాదు. అది నువ్వే చూసుకో. నీ ఫోన్ ఈ ఉత్తరంతోనే గంపలో వస్తున్నది.

నువ్వు నన్ను ఏమనుకున్నావో అది ఇప్పుడు ఊరంతా అనుకుంటున్నది. ఇక నువ్వు రాయనక్కర్లేదు, నీ చేతికి పని తగ్గింది.

పాత చున్నీని ఈ ఇంటికి ఎప్పటికీ తేవద్దు. నువ్వు వచ్చేటప్పుడు అక్కడే వదిలిపెట్టు. ఎవరికి పరీక్ష ఉంటే వాళ్లకు ఇవ్వమను. వైవాకు ముందు ఇఫ్రాకు ఇవ్వు. తొమ్మిదో చిలుక ముక్కు దగ్గర ముడి ఉంటుంది, గట్టిగా లాగవద్దని చెప్పు, పోగు ఊడుతుంది.

దాన్ని వదిన చున్నీ అని మాత్రం పిలవకండి. ఆ చిలుక నాది కాదని నలుగురి ముందు చెప్పి వచ్చాను.

గంగామణి